మింగుడు గుంటలో పడ్డ బాతు

హోలిన్ వాగు పుట్టుకే విచిత్రం. మిగతా వాగుల్లా ఎక్కడో చెమ్మగా మొదలై, పిల్లకాలువలను కలుపుకుంటూ పెరిగేది కాదు అది. సున్నపురాతి గుట్ట అడుగున గొర్రెల కొట్టం తలుపంత నోరొకటి తెరుచుకుని ఉంటుంది. వాగు వాగంతా అందులోంచే, పుట్టీ పుట్టగానే పెద్దదై, నడుం లోతున చప్పుడు లేకుండా బయటికొస్తుంది. నోటి ముందు మడుగు. అందులో నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, ముందు కనబడేది ట్రౌట్ చేప కాదు, అడుగున గులకరాళ్ళ మీద పడ్డ దాని నీడ. ఆ మడుగు పక్కన నాచు పట్టిన బండ మీద, మొగుడి పాత కోటు తొడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని గాలం వేసే మనిషి నోరా కాప్‌స్టిక్.

నిలబడితే చేపకు కనబడిపోతామని, మోకాళ్ళ మీద కూర్చోవడం ఆమెకు తండ్రి నేర్పాడు. ఆయన రాళ్ళ క్వారీలో కూలీ. ఆదివారం వస్తే కూతుర్ని వెంటేసుకుని యార్క్‌షైర్ కొండల్లోని వాగులన్నీ తిప్పేవాడు. కింద నదిలో చేపలు పట్టే హక్కు ఒక క్లబ్బుది. ఆ క్లబ్బులో డాక్టర్లు, వకీళ్ళు, మిల్లు యజమానులు ఉండేవారు. క్వారీ కూలీకి చోటు లేదు, ఆడదానికి అసలే లేదు. తండ్రీకూతుళ్ళకు మిగిలినవి, పెద్దమనుషులు బూట్లు పాడవుతాయని వదిలేసిన కొండవాగులు.

అందం అంతా ఆ వదిలేసిన వాటిలోనే ఉంది. రావెన్ గట్టు మీంచి దూకే వాగుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున దాని జలపాతం కిందికి పడదు, వెనక్కి లేచి గట్టు మీది గడ్డిపైనే వానై కురుస్తుంది. ఆ వానలో తడుస్తూ పై గుంటల్లో గాలం వేయాలి. తెల్లటి రాతిపలకల మీద మడమ లోతున పారే వాగు ఇంకొకటి. పలకల పగుళ్ళలో ఒక్కో చేప ఒక్కో గది అద్దెకు తీసుకున్నట్టు ఉంటుంది. పాడుబడ్డ సీసపు గని సొరంగంలోంచి వచ్చే మరో వాగులో చేపలు బొగ్గులా నల్లగా ఉండేవి, వెలుతురున్న నీళ్ళలో వదిలితే కాసేపటికి రంగు తేలేవి. నోరా ఇవన్నీ పెళ్ళికి ముందే చూసింది. విల్ఫ్ కాప్‌స్టిక్‌ను చేసుకున్నది అతని కళ్ళు చూసా, అతని పొలంలో పుట్టే వాగును చూసా అని ఎవరైనా ఏడిపిస్తే, "కళ్ళు కూడా బాగానే ఉండేవి" అనేది.

హోలిన్ వాగుకు ఇంకో గుణం ఉంది. వానల్లేని వేసవిలో అది మడుగు దాటి కొంత దూరం పోయాక తన పడక కిందికే దూరిపోతుంది. పైన ఎండిన రాళ్ళు, అక్కడక్కడా గుంటలు మిగులుతాయి. గుంటల్లో చేపలు చిక్కుకుంటాయి. అప్పుడు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు బకెట్లు పట్టుకుని దిగి, చేపలను ఎత్తి, పైన నోటి ముందున్న మడుగులో వదులుతారు. ఎవరూ ఎవర్నీ పిలవరు. ఒకరు బకెట్‌తో కనబడితే మిగతావాళ్ళు పని వదిలేసి వస్తారు. విల్ఫ్ వాళ్ళ అన్న ఆంబ్రోస్ కూడా వచ్చేవాడు. గోడకవతలి పొలం అతనిది. ఏ పని అయినా సణుక్కుంటూనే చేస్తాడు గానీ చెయ్యకుండా ఉండడు. నోరాకు అరవై దగ్గర పడుతున్నా "అమ్మాయ్" అనే పిలుస్తాడు.

ఆ కొండల్లో బతుకంతా గొర్రెలే. గొర్రెలకు గజ్జి పట్టకుండా ఏటా మందునీళ్ళలో ముంచాలి. చుట్టుపక్కల అయిదు పొలాలకూ కలిపి నేలలో దింపిన సిమెంటు తొట్టి ఒకటే ఉంది, అది నోరా వాళ్ళ దొడ్లో. ముంచుడు రోజున అందరూ వస్తారు. ఒకరు గొర్రెను తోస్తే, ఒకరు పొడుగాటి కర్రతో దాని తల ఒక్క క్షణం ముంచి వదులుతారు. విల్ఫ్ పాతికేళ్ళుగా ఆ కర్ర పట్టుకున్నవాడు. మందు అతని మీద చిందినంతగా ఎవరి మీదా చిందలేదు.

ఆ మందు మనుషుల నరాల మీద పనిచేస్తుందని ఎవరూ చెప్పలేదు. ముంచడం తప్పనిసరి అని చట్టం చేసి, ముంచనివాళ్ళకు జరిమానా వేసిన ప్రభుత్వం చెప్పలేదు. మందు అమ్మినవాళ్ళు డబ్బా మీద ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో చేతులు కడుక్కోమన్నారు. విల్ఫ్‌కు ముందు చేతులు వణకడం మొదలైంది. తర్వాత, సగం చెప్పిన మాట సగంలోనే ఆగిపోయేది. ఓ రోజు సొంత కుక్క పేరు మర్చిపోయి దొడ్లో నిలబడి ఏడ్చాడు.

అప్పుడు నోరా నడుం కట్టింది. మనుషులకు హాని చెయ్యని కొత్త మందు వచ్చిందని విని, అయిదిళ్ళూ తిరిగింది.

"మీ తొట్టి కాదుగా, మా తొట్టి. ఇకమీదట మా తొట్టిలో పాత మందు పడదు. ఇష్టమైతే గొర్రెల్ని తోలుకు రండి, లేకపోతే ఇంట్లో స్నానాల తొట్టిలో ముంచుకోండి."

"కొత్తది ధర ఎక్కువ అమ్మాయ్," అన్నాడు ఆంబ్రోస్.

"నీ తమ్ముడికి కొత్త నరాలు ఏ సంతలో దొరుకుతాయో చెప్పు, ఆ ధర కూడా చూసుకుందాం."

ఆంబ్రోస్ టోపీ సర్దుకున్నాడు. అతని భార్య మేవిస్ మాత్రం "మంచి పని చేశావే" అని నోరా చెయ్యి నొక్కింది. అలా పందెం నెగ్గినట్టు నెగ్గి, నోరా కొత్త మందు తెప్పించింది.

సెప్టెంబరులో గొర్రెలను ముంచారు. ఎండుద్రాక్షల కేకు, జున్ను తిని, టీలు తాగి, ఎప్పటిలాగే తొట్టిలో మిగిలిన మందునీళ్ళను ట్యాంకరులోకి తోడి, పై గడ్డిమైదానంలో ఉన్న మింగుడు గుంటలో వదిలేశారు.

మింగుడు గుంట అంటే నేలలో పడ్డ బొక్క. ఎంత నీరు పోసినా గుటుక్కున మింగుతుంది. ఆ కొండల్లో అలాంటివి చాలా ఉన్నాయి. ఈ గుంట మింగింది తమ వైపు రాదని, కొండకవతలి లోయలో తేలుతుందని కాప్‌స్టిక్‌ల నమ్మకం. దానికి సాక్ష్యం ఒక బాతు. ఆంబ్రోస్ తాతగారి తాత అందులో ఒక బాతును పడేస్తే, అది అవతలి లోయలో ఒంటిమీద ఒక్క ఈక లేకుండా బయటపడి, గుడ్లు పెట్టి బతికిందట. ఆ బాతును చూసినవాణ్ణి చూసినవాడు కూడా ఇప్పుడు ఎవరూ లేరు. అయినా ఆ బాతు మీద భరోసాతో నాలుగు తరాలు మురికంతా ఆ గుంటలోనే పోశాయి. అవతలి లోయలో ఉండేవాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అవతలివాళ్ళ సంగతి ఎవరు అడుగుతారు గనక!

చేపలు పట్టే కాలం ఇంకో వారంలో ముగుస్తుందనగా నోరా గాలం తీసుకుని మడుగు దగ్గరికి వెళ్ళింది. కౌజుపిట్ట ఈకతో, నారింజరంగు పట్టుదారంతో తనే కట్టుకున్న ఉత్తుత్తి ఈగను ఎరగా గాలం దారానికి ముడేసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. నీళ్ళ మీద ఒక్క వలయం లేదు. సాయంత్రమయ్యేసరికి నీళ్ళ మీద లేచే చిన్న ఈగలు లేవు. వాటి కోసం వచ్చే పిట్టలూ లేవు. నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే తేటగా, అందంగా ఉన్నాయి. ఫోటో తీసేవాడెవడైనా వస్తే ఇంత మంచి వాగు లేదని తీసుకుపోయేవాడు.

ఆమె ఒక రాయి తిప్పింది. రాయి అడుగున పాకుతూ ఉండాల్సిన పురుగు ఒక్కటీ లేదు. ఇంకో రాయి, ఇంకో రాయి. ఒడ్డున వేళ్ళ కింద తెల్లకాళ్ళ రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా మీసం కదుపుతోంది. మడుగు అడుగున రెండు ట్రౌట్‌లు కనబడ్డాయి. బతికే ఉన్నాయి, కానీ తినడానికి ఇక ఏమీ లేదు.

నోరా ఆ రొయ్యను అరచేతిలోకి తీసుకుంది. మనిషి నరాలను ఏమీ చెయ్యని మందు, పాత మందుకు ఇన్నేళ్ళూ తట్టుకున్న పురుగులను ఏం చేస్తుందో ఆమెకు అర్థమైంది. బాతు కథ అబద్ధమనీ అర్థమైంది. ఆ మందు తెప్పించింది తనే.

ఇంటికొచ్చి విల్ఫ్‌కు చెప్పింది. అతను చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు.

"పాతదానికే... పోదాం," అన్నాడు. "నాకు అయ్యేదేదో అయిపోయింది. వాగు ఎందుకు పోవాలి?"

"నోరు ముయ్యి."

"కాదు నోరా, నిజంగానే..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నిన్నే ఆ గుంటలో పడేస్తాను, ఈకలు లేకుండా తేలుతావు. నువ్వా వాగా అని ఎవరు తేల్చమన్నారు నన్ను? రెండూ ఉంటాయి. మందునీళ్ళు ఆ గుంటలో పొయ్యకూడదు, అంతే."

అంతే గానీ, మరెక్కడ పోస్తారు? ఆ కొండల్లో మట్టి జానెడే. కింద రాయంతా పగుళ్ళే. మందును నెమ్మదిగా పీల్చి తనలోనే చంపుకోగలిగినంత లోతైన మట్టి ఉన్న నేల ఒక్కటే ఉంది, ఆంబ్రోస్ ఎండుగడ్డి కోసే పచ్చిక. చలికాలమంతా అతని పశువుల తిండి అదే.

మర్నాడు నోరా ఆంబ్రోస్ ఇంటికి వెళ్ళింది. అతను గోడ రాళ్ళు సర్దుతున్నాడు.

"నా పచ్చిక మీద చల్లుతావా? మతిపోయిందా అమ్మాయ్?"

"వాగు చచ్చిపోయింది ఆంబ్రోస్. వచ్చి చూడు."

"చూడక్కర్లేదు. చేపలకు ఏదో రోగం వచ్చి ఉంటుంది. మన గుంట నీళ్ళు అటు పోవు. బాతు..."

"బాతు మాటెత్తకు!"

"మా తాత తాత పట్టుకొచ్చిన బాతమ్మా అది! అయినా, చేపలు మనకేమైనా అద్దె కడుతున్నాయా? పైవాళ్ళకు ఫోన్ చేసి చెబుతావా ఏంటి? చెప్పు. అయిదిళ్ళకూ జరిమానా పడుతుంది. ముందు మీకే, తొట్టి మీది కదా."

అది నిజమే. జరిమానా పడితే పడేది మందు తయారుచేసినవాళ్ళకు కాదు, అమ్మినవాళ్ళకు కాదు, తొట్టి ఉన్నవాళ్ళకు. నోరా ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోవడం మంచిదో కాదో ఆమెకు ఎప్పటికీ తేలలేదు.

"రుజువు చేస్తే?" అంది.

"ఆ గుంటలో పోసింది హోలిన్ వాగులో తేలిందని నా కళ్ళకు చూపించు. అప్పుడు మాట్లాడదాం."

వారాంతాల్లో నోరా వాళ్ళ కొట్టంలో పడుకుని గుహల్లో దూరే కుర్రకారు ఉండేవాళ్ళు. వాళ్ళలో జిలియన్ అనే అమ్మాయి దగ్గర నీటిజాడ కనిపెట్టే పచ్చరంగు ఉంది. ఎవరికీ హాని చెయ్యదు, పిడికెడు వేస్తే వాగంతా పచ్చబడుతుంది. అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం అందరి ఎదుటా దాన్ని గుంటలో పోద్దామని, ఆదివారం పొద్దున్న ఎవరి వాగు దగ్గర వాళ్ళు కాపలా కాద్దామని అనుకున్నారు.

ఆ మాట ఊళ్ళో పొట్టేలు అనే పబ్బుకు చేరగానే అది సంబరమైపోయింది. ఎక్కడ తేలుతుందో అని బీరు గ్లాసులు పందెం కాశారు. ఎక్కువ మంది అవతలి లోయ అన్నారు, బాతు మీద గౌరవం కొద్దీ. పబ్బు యజమాని చర్చి బావి అన్నాడు.

"పచ్చ నీళ్ళతో బాప్తిజం ఇస్తే పిల్లలు కప్పలైపోతారా ఏంటి?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నీకు ఇప్పటికే ఇచ్చినట్టున్నారు కదరా!"

నోరా గ్లాసు కాయలేదు. తన మాట నిజమైతే వాగును చంపింది తనే. అబద్ధమైతే ఎవరు చంపారో తెలియదు, ఎవరూ ఆపరు. ఇందులో దేనికని పందెం కాస్తుంది?

శనివారం అనుకున్నట్టే రంగు పోశారు. ఆదివారం పొద్దున్నే ఆమె, విల్ఫ్, జిలియన్ మడుగు దగ్గర కూర్చున్నారు. ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నారు. గోడ దిగి ఆంబ్రోస్ కూడా వచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, చలికి ముక్కు ఎర్రబడి.

"అవతలి లోయకు పోవాల్సినవాడివి, ఇక్కడెందుకున్నావు?" అంది నోరా.

"అక్కడికి వేరేవాణ్ణి పంపాను."

చర్చి గంట మోగి కాసేపయ్యాక విల్ఫ్ వణికే చేత్తో చూపించాడు. నోటి లోపలి చీకట్లో ఏదో మారింది. ముందు లేత గడ్డి రంగు. తర్వాత కొండ లోపల ఎవరో దీపం వెలిగించినట్టు, వాగు వాగంతా పచ్చగా మెరుస్తూ బయటికొచ్చింది. మడుగు నిండింది. అడుగున చేప నీడ కూడా పచ్చబడింది. చూస్తే ఎంత అందంగా ఉందో చెప్పడానికి మాటలు లేవు. నోరా మొహం మాత్రం రాయిలా ఉంది.

ఆంబ్రోస్ జేబుల్లోంచి చేతులు తీశాడు. "సరే. తేలింది. తేలితే తేలింది. చేపల కోసం నా పచ్చికను..."

మాట పూర్తి కాలేదు. గోడ మీంచి మేవిస్ పిలిచింది. వంటింట్లోంచి ఉన్నపళాన వచ్చేసినట్టుంది, చేతిలో తెల్ల పింగాణీ కూజా. పిలుపులో కేక లేదు. చాలా నెమ్మదిగా అంది.

"ఆంబ్రోస్, ఇలా వచ్చి ఇందులో చూడు."

వాళ్ళింటికి నీళ్ళు వచ్చేది అదే గుట్ట అంచున ఉన్న చిన్న ఊట నుంచి, పైపులో. కూజాలో నీళ్ళు లేత పచ్చగా ఉన్నాయి.

"నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళతో నీకు టీ పెడుతున్నాను," అంది మేవిస్. "నీ బాతు మన కెటిల్‌లో ఈదుతోంది."

ఎవరూ నవ్వలేదు. జిలియన్‌కు నవ్వొచ్చినా దగ్గినట్టు చేసింది. ఆంబ్రోస్ కూజాలోకి చూశాడు, మడుగులోకి చూశాడు, మళ్ళీ కూజాలోకి చూశాడు.

"పచ్చికలో చల్లుదాం," అన్నాడు చివరికి.

నోరా నెగ్గింది. నెగ్గినందుకు ఆమె మండిపడింది.

"వాగు వాగంతా చచ్చి పడుంటే నీకు కాలు కదల్లేదు. నీ కూజాలో కాస్త రంగు పడేసరికి పచ్చిక ఇచ్చేస్తానంటున్నావు. అవతలి లోయలో తేలి ఉంటే? వాళ్ళ కూజాలో తేలి ఉంటే ఇంటికి పోయి కేకు తినేవాడివి, అంతేగా?"

ఆంబ్రోస్ తల దించుకుని, "అంతే," అన్నాడు. అబద్ధం చెప్పే అలవాటు అతనికి లేదు.

నోరా కూడా ఇన్నేళ్ళూ ఆ ట్యాంకరు పక్కనే నిలబడి, గుంట గుటుక్కున మింగుతుంటే చూసినదే. తన వాగు చావకపోతే తనూ అడిగేది కాదు.

మరుసటి ఏడు నుంచి మందునీళ్ళను ఆంబ్రోస్ పచ్చికలో పలచగా చల్లారు. చల్లిన భాగంలో నెల రోజులు పశువులను మేపలేదు. అతను ఎండుగడ్డి కొనుక్కున్నాడు, సణుక్కుంటూనే. మింగుడు గుంట చుట్టూ అయిదిళ్ళవాళ్ళూ కలిసి రాతి గోడ కట్టారు. విల్ఫ్ చేతుల వణుకు తగ్గలేదు గానీ పెరగనూ లేదు. కుక్క పేరు మళ్ళీ మర్చిపోలేదు.

వాగు మాత్రం అలాగే ఉంది, తేటగా, ఖాళీగా. నోరా గాలం పట్టలేదు. గాలం కర్ర గుమ్మం వెనక సాలెగూడు పట్టింది. నెలకోసారి వెళ్ళి రాళ్ళు తిప్పి చూసి వచ్చేది. మొదటి ఏడు ఏమీ లేదు. ఆ వేసవిలో వాగు ఎండింది, ఎవరూ బకెట్లు పట్టుకు రాలేదు. ఎత్తడానికి చేపలేవి? రెండో ఏట రావెన్ వైపు నుంచి కలిసే చిన్న కాలువ దగ్గర, ఒక రాయి అడుగున ఒకే ఒక్క పురుగు, మూడు తోకలు ఊపుతూ. ఆమె ఆ రాయిని ఎలా తీసిందో అలాగే పెట్టేసి, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా రొట్టెలు కాల్చింది. విల్ఫ్ మొహం చూసి కనిపెట్టేశాడు.

మూడో వేసవిలో వానలు మళ్ళీ మొహం చాటేశాయి. వాగు పడక కిందికి దూరింది. జులైలో ఒక మధ్యాహ్నం నోరా ఎండిన రాళ్ళ మీద నడుస్తూ ఒక గుంట దగ్గర ఆగింది. వేలెడంత ట్రౌట్ పిల్ల. ఒంటి మీద ఎర్రచుక్కలు. కింది నదిలోంచి ఎలా ఎగబాకి వచ్చిందో ఏమో, గుంటలో అటూ ఇటూ తిరుగుతోంది. ఆమె ఇంటికి పోయి బకెట్ తెచ్చుకుంది. వస్తూ ఉంటే గోడకవతల గడ్డి తిరగేస్తున్న ఆంబ్రోస్ తలెత్తి చూశాడు.

ఆమె గుంట దగ్గరికి చేరేసరికి అతను రెండు బకెట్లతో దిగి వస్తున్నాడు.

"ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటే. ఒకదానికి రెండు బకెట్లు ఎందుకు తెచ్చావు?"

"ఎక్కువ ఉంటాయనుకున్నాను." ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "ఇదిక కూర్చోవడానికి పనికొస్తుందిలే. నా మోకాళ్ళు నీ మోకాళ్ళలా కాదు."

నోరా మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, చేప అరచేతుల్లోకి వచ్చేదాకా కదలకుండా ఉంది. బకెట్‌లో వదిలింది. అది రెండు చుట్లు తిరిగి అడుగున నిలబడింది.

"మా తాతగారి తాత బాతు..." అని మొదలుపెట్టాడు ఆంబ్రోస్.

"బకెట్‌కి అటు చెయ్యి వెయ్యి," అంది నోరా.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, నీళ్ళు తొణకకుండా, మడుగు వైపు నడిచారు.